డోడో ఎముకలూ, మన పెద్దల చేతులూ

పోర్ట్ లూయీలో లా షోసే వీధి మీదుగా ఎన్నిసార్లు నడిచి ఉంటారో మీకే గుర్తుండదు. కంపెనీ గార్డెన్ మర్రిచెట్ల నీడన కాసేపు కూర్చుని బస్సు టైమైందని లేచి వెళ్లిపోయి ఉంటారు. ఆ తోట పక్కనే ఉంది నేచురల్ హిస్టరీ మ్యూజియం. చిన్నప్పుడు బడివాళ్లు తీసుకెళ్లినప్పుడు డోడో బొమ్మ ముందు నిలబడి నవ్వుకుని ఉంటారు. మళ్లీ వెళ్లే వీలుంటే ఈసారి ఈకల బొమ్మను దాటి అద్దాల వెనకున్న ఎముకల దగ్గర ఆగండి. బొమ్మ ఎవరో ఊహించి చేసింది. ఎముకలు మాత్రం ఈ నేల మీద నడిచిన పక్షివి.

ఆ ఎముకల కథలో మన పెద్దలకూ చోటుంది. ఆ సంగతి బడి పుస్తకాల్లో పెద్దగా కనబడదు, మన ఇళ్లలోనూ ఎవరూ చెప్పుకోరు. అందుకే ఈ వ్యాసం.

రాయి కాని శిలాజాలు

శిలాజం అనగానే రాయిగా మారిపోయిన రాక్షసబల్లి గుర్తొస్తుంది. మన దీవిలో అలాంటివి దొరకవు. మారిషస్ సముద్రంలోంచి అగ్నిపర్వతంగా పైకి లేచి సుమారు 80 లక్షల ఏళ్లయింది. రాక్షసబల్లులు అంతరించి ఆరు కోట్ల ఏళ్లు దాటింది. అవి పోయిన ఎంతో కాలానికి మన నేల పుట్టింది. ఇక్కడ దొరికేవి కొన్ని వందల ఏళ్ల నుంచి కొన్ని వేల ఏళ్ల కిందటి ఎముకలు. అవి ఇంకా రాయి కాలేదు, ఎముకగానే ఉన్నాయి. శాస్త్రవేత్తలు వీటిని ఉపశిలాజాలంటారు.

మన వానలకూ, వేడికీ, ఆమ్లం ఎక్కువున్న ఎర్రమట్టికీ ఎముక ఎక్కువకాలం నిలవదు. నిలవాలంటే ప్రత్యేకమైన చోటు కావాలి. అలాంటివి ఇక్కడ రెండు రకాలున్నాయి. ఒకటి లావా గుహలు, కొండచరియల కింద బండల సందులు. రెండోది అడుగున సున్నపు ఇసుక ఉన్న మడుగు. ఆ సున్నం నీటిలోని ఆమ్లాన్ని విరిచేస్తుంది కాబట్టి ఎముక కరిగిపోదు. దీవి మొత్తంలో అలాంటి మడుగుల్లో అన్నిటికంటే పేరున్నది ఆగ్నేయాన, ఇప్పటి విమానాశ్రయానికి దగ్గర్లో ఉన్న మార్ ఓ సోంజ్.

ఆ పేరు అర్థం చేసుకోవడానికి మీకు ఫ్రెంచి నిఘంటువు అక్కర్లేదు. మీ ఇంట్లో బ్రెడ్ సోంజ్ వండుతారు కదా, అదే సోంజ్. అంటే మన చామ. మార్ ఓ సోంజ్ అంటే చామల మడుగు. పెరట్లో నీళ్లు నిలిచే చోట చామ ఎలా పెరుగుతుందో మీరు చూసే ఉంటారు. ఆ మడుగు కూడా అలాంటిదే, కాకపోతే దాని అడుగున ఒక లోకమే పాతుకుపోయి ఉంది.

పాదాలతో వెతికినవాళ్లు

డచ్చివాళ్లు 1598లో ఈ దీవిలో దిగారు. డోడోను చివరిసారి చూసినట్టు చాలామంది ఒప్పుకునే సాక్ష్యం 1662 నాటిది. నూరేళ్లు నిండకుండానే పక్షి మాయమైంది. 19వ శతాబ్దం మొదటికి ఐరోపాలో మిగిలింది నాలుగు బొమ్మలూ, ఆక్స్‌ఫర్డ్‌లో ఒక తలా ఒక పాదం, కోపెన్‌హాగన్‌లో ఒక పుర్రె, ప్రాగ్‌లో ఒక ముక్కు ముక్క లాంటి కొన్ని అవశేషాలే. అసలు అలాంటి పక్షి ఉండేదా అని అనుమానపడ్డ పండితులు కూడా ఉన్నారు. 1848లో స్ట్రిక్లాండ్, మెల్విల్ అనే ఇద్దరు డోడో మీద పెద్ద పుస్తకం వేశాక, దాని ఎముకలు ఎక్కడైనా దొరుకుతాయా అన్న ఆరాటం పెరిగింది.

మాయెబూర్‌లో జార్జ్ క్లార్క్ అనే ప్రభుత్వ బడిపంతులుకూ ఆ ఆరాటమే. ఏళ్ల తరబడి వెతికినా ఆయనకు ఏమీ దొరకలేదు. 1865లో పోర్ట్ లూయీ నుంచి మాయెబూర్ దాకా రైలుమార్గం వేస్తున్నారు. ఆ దారి పక్కనే చామల మడుగు. చెరుకు పొలాలకు ఎరువుగా వేయడానికి ఆ మడుగులోని నల్లమన్నును కూలీలు తవ్వుతున్నారు. ఆకూ అలమూ కుళ్లి పేరుకున్న బురద అది.

ఇక్కడి నుంచి కథ రెండు రకాలుగా ఉంది. రైలు ఇంజనీరు హ్యారీ హిగ్గిన్సన్ తర్వాత తన జ్ఞాపకాలు రాసుకుంటూ ఇలా చెప్పాడు: ఒక ఉదయం కట్ట మీద నడుస్తుంటే, కూలీలు మన్నులోంచి ఎముకలు ఏరి కుప్పలు పోయడం కనిపించింది, వాటిలో కొన్ని జేబులో వేసుకుని క్లార్క్ దగ్గరికి తీసుకెళ్లాను, పుస్తకంలో బొమ్మలతో పోల్చి చూస్తే డోడోవని తేలింది. 1866లో క్లార్క్ అచ్చువేసిన వ్యాసంలో మరో మాట ఉంది. మడుగులో తాబేటి ఎముకలు బయటపడ్డాయని తెలిసి, ఎస్టేటు యజమాని గాస్తోన్ ద బిసీ అనుమతితో తానే వెతికించానన్నాడు. మొదట దొరికింది ఎక్కువగా తాబేటి ఎముకలే. అప్పుడు ఆయన కొందరిని మడుగు నడిమధ్యకు దింపాడు. అక్కడ నీళ్లు మూడడుగుల లోతు. వాళ్లు వట్టి పాదాలతో బురదను తడుముతూ వెతికారు. ఆ పాదాలకే డోడో కాలి ఎముకలు తగిలాయి.

ఈ దృశ్యాన్ని ఒకసారి మనసులో చూడండి. నడుములోతు నీళ్లు, కింద జారే బురద. వరిమడిలో దిగిన మనిషికి పాదం కింద రాయేదో, వేరేదో చూడకుండానే తెలిసిపోతుంది. అలాంటి పాదాలకు వేల ఏళ్ల ఎముక దొరికింది. ఐరోపా పండితులు నూరేళ్లకు పైగా వాదించుకున్న ప్రశ్నకు జవాబు ఆ బురదలోంచి పైకొచ్చింది.

గొప్ప ఎవరికి దక్కాలో క్లార్క్, హిగ్గిన్సన్ చెరోమాట చెప్పారు. ఆ పని చేసిన చేతులూ పాదాలూ కూలీలవని మాత్రం ఇద్దరి రాతల్లోనూ ఉంది. వాళ్ల పేర్లు రెండింట్లోనూ లేవు. వాళ్లు తమిళులా, భోజ్‌పురివాళ్లా, కోరంగి రేవులోనో విశాఖలోనో ఓడెక్కి వచ్చిన మనవాళ్లా అన్నది కూడా అక్కడ రాసి లేదు.

ఎముకలు ఓడెక్కాయి

మన పెద్దల్ని తెచ్చిన సముద్రం మీదే ఆ ఎముకలు వెళ్లిపోయాయి. క్లార్క్ వాటిని లండన్‌కు పంపాడు. కొన్ని బ్రిటిష్ మ్యూజియంలో రిచర్డ్ ఓవెన్‌కు చేరాయి, కొన్ని 1866లో వేలంలో అమ్ముడయ్యాయి. కొన్ని వందల పౌండ్లు పలికాయని హిగ్గిన్సన్ రాశాడు. కేంబ్రిడ్జ్‌లో ఆల్ఫ్రెడ్ న్యూటన్ కూడా డోడో ఎముకల కోసం కాచుకుని ఉన్నాడు కానీ ఓవెన్ ముందుగా పుస్తకం వేసేశాడు. ఆ తొందరలో ఒక పొరపాటు చేశాడు. పాత చిత్రంలో గీసిన లావుపాటి పక్షి ఆకారంలోకి ఎముకల్ని ఇరికించాడు. 1872లో తనే దిద్దుకుని, పక్షిని మరికాస్త నిటారుగా నిలబెట్టాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. చామల మడుగులో ఎముకలన్నీ కలగాపులగంగా ఉన్నాయి. ఏ కాలు ఏ పక్షిదో చెప్పే దారి లేదు. కాబట్టి ప్రపంచంలోని ఎన్నో మ్యూజియాల్లో మీకు కనిపించే డోడో అస్థిపంజరం ఒక్క పక్షిది కాదు. ఐదారు పక్షుల ముక్కలు కలిపి కట్టినవి చాలా ఉన్నాయి. మడుగులో డోడో కోసమే వెతికారు కాబట్టి చిన్న పక్షుల, బల్లుల ఎముకల్ని, గింజల్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఏది ఏ లోతులో దొరికిందో రాసుకోలేదు. ఎముక మిగిలింది కానీ దాని చిరునామా పోయింది.

మన దగ్గర మిగిలింది

మన దీవిలో ఈ సేకరణకు పునాది 1865 కన్నా ముందే పడింది. జూలియెన్ దెజార్దాన్ అనే ప్రకృతి పరిశోధకుడు మరికొందరితో కలిసి 1829లో ప్రకృతి శాస్త్ర సంఘం పెట్టాడు. 1840లో ఆయన పోయాక ఆయన సేకరించినవాటితోనే 1842లో దెజార్దాన్ మ్యూజియం తెరిచారు. 1880లో చట్టం చేసి మారిషస్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పాటు చేశారు. మీరు చూసే ఆ భవనం లేచింది అప్పుడే. 2000లో వచ్చిన చట్టంతో మారిషస్ మ్యూజియమ్స్ కౌన్సిల్ ఏర్పడింది. మాయెబూర్‌లోని నేషనల్ హిస్టరీ మ్యూజియంతో పాటు పోర్ట్ లూయీ మ్యూజియం కూడా ఇప్పుడు ఆ కౌన్సిల్ చేతిలోనే ఉంది.

1889లో ప్రభుత్వం తెయోదోర్ సోజియే అనే ఆయనతో చామల మడుగును మళ్లీ తవ్వించింది. ఆ ఎముకల్ని అధ్యయనానికి కేంబ్రిడ్జ్ పంపారు. ఎడ్వర్డ్ న్యూటన్, హన్స్ గాడో 1893లో వాటి మీద రాసినప్పుడు, డోడోతో పాటు ఈ దీవిలో ఇంకా ఎన్ని పక్షులు బతికి పోయాయో లోకానికి తెలిసింది. వాటిలో ఒక గుడ్లగూబకు సోజియే పేరే పెట్టారు. రెక్కలున్నా సరిగా ఎగరలేని పెద్దముక్కు చిలుక, ఎర్రటి నేలపక్షి, రెండు రకాల పెద్ద తాబేళ్లు, మూరెడు బల్లి, ఇవన్నీ డోడోకు ఇరుగుపొరుగు. ఇప్పుడు వీటిలో ఏదీ లేదు. వాటికి మిగిలిన ఇల్లు మ్యూజియం సొరుగే.

ఇక ఈ సేకరణలో అన్నిటికంటే విలువైన వస్తువును తెచ్చింది పండితుడూ కాదు, ఎస్టేటు దొరా కాదు. ఎతియెన్ తిరియూ పోర్ట్ లూయీలో క్షౌరం చేసుకుని బతికే మనిషి. సెలవు దొరికితే నగరం వెనకున్న లె పూస్ కొండ ఎక్కి, గుహల్లో బండల సందుల్లో వెతికేవాడు. 1904 ప్రాంతంలో ఆయనకు ఒక డోడో దొరికింది. మడుగులో ముక్కల్లా చెదిరిపోకుండా దాదాపు మొత్తం ఒకేచోట ఉంది. ప్రపంచంలో ఒకే పక్షికి చెందిన, ఇంత నిండైన డోడో అస్థిపంజరం అదొక్కటే. అది వేరే దేశం పోలేదు, పోర్ట్ లూయీలోనే ఉంది. తిరియూ సేకరించిన మరో అస్థిపంజరం దక్షిణాఫ్రికాలో డర్బన్ నేచురల్ సైన్స్ మ్యూజియంలో ఉంది. డర్బన్‌లో చుట్టాలున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు దాన్నీ చూసి రండి. చెరుకు తోటల కోసం మనవాళ్లను దింపిన రెండు రేవుల్లోనూ లె పూస్ కొండ డోడోలున్నాయి.

తిరియూ పక్షి నూరేళ్లకు పైగా అద్దాల వెనకే ఉన్నా దాన్ని సరిగా చదివినవాళ్లు లేరు. 2010 తర్వాత లియోన్ క్లాసెన్స్, హన్నెకే మేయర్, జూలియన్ హ్యూమ్ ఈ రెండు అస్థిపంజరాల్నీ లేజరుతో కొలిచి, 2016లో పూర్తి వివరం అచ్చువేశారు. మోకాలి చిప్పలు, చీలమండ, మణికట్టు ఎముకలు అప్పటిదాకా ఎవరూ వర్ణించలేదు. అవి చిన్నవి కాబట్టి బురదలో పాదానికి తగలవు, తగిలినా ఎవరూ ఏరరు. మొత్తం పక్షిని ఒకేచోట చూసి, ఒకేచోట దాచినవాడు ఉండబట్టే అవి మిగిలాయి.

ఒక చీటీ విలువ

ఇలాంటి సేకరణను ఎలా సర్దుతారో మీరు ఎప్పుడైనా ఆలోచించారా? గ్యాలరీలో కనిపించేది కొంచెమే. అధ్యయనానికి ఉంచేది లోపల గదుల్లో, సొరుగుల్లో ఉంటుంది. ప్రతి ఎముకకూ ఒక నంబరు. రిజిస్టరులో ఆ నంబరు ఎదురుగా నాలుగు సంగతులుండాలి: ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరు తెచ్చారు. తవ్వకంలో దొరికిందైతే ఏ పొరలో అన్నది కూడా రాయాలి. ఒక జాతికి పేరు పెట్టేటప్పుడు ఆధారంగా తీసుకున్న ఎముకను విడిగా, మరింత జాగ్రత్తగా దాస్తారు. రేపు ఎవరికైనా అనుమానమొస్తే దాని దగ్గరికే రావాలి.

చీటీ పోయిన ఎముకకు అందం మిగులుతుంది, మాట మిగలదు. చీటీ ఉంటే ఎన్నేళ్ల తర్వాతైనా కొత్త ప్రశ్న అడగొచ్చు. 2017లో డెల్ఫీన్ ఆంగ్స్ట్ బృందం 22 డోడోల ఎముకల్ని పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూసింది. పిల్లలు ఆగస్టు ప్రాంతంలో గుడ్డు లోంచి వచ్చి, తుఫాను నెలలు వచ్చేలోగా గబగబా పెరిగేవని, తుఫాన్ల కాలం ముగిశాక మార్చి తర్వాత పెద్దవి ఈకలు మార్చుకునేవని చెప్పింది. జనవరిలో రేకుల కప్పును తాళ్లతో కట్టుకునే మనకు, డోడో కూడా అదే క్యాలెండరు పాటించిందంటే ఎంత దగ్గరితనం అనిపిస్తుందో చూడండి.

కొన్నేళ్లకు చామల మడుగు మరుగున పడిపోయింది. మలేరియా దోమల్ని ఆపడానికి దాన్ని బండరాళ్లతో పూడ్చేశారు. పండితులు కూడా అక్కడ ఇంకేమీ లేదనుకున్నారు. 2005లో కెన్నెత్ రైస్‌డైక్ అనే డచ్చి భూగర్భ శాస్త్రవేత్త, మన దీవి వాళ్లతో కలిసి ఆ నేలలో గొట్టం దింపి చూశారు. ఎముకలు పైకొచ్చాయి. మరుసటి ఏడాది నుంచి పద్ధతిగా తవ్వారు. ఈసారి గింజ, పుప్పొడి, పురుగు రెక్క కూడా వదలకుండా, ఏది ఏ పొరలో ఉందో రాసుకుంటూ తవ్వారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఆ ఎముకలు సుమారు 4,200 ఏళ్ల కిందటివి. పెద్ద కరువొచ్చి దీవిలో నీళ్లు ఎండిపోతే, ఆ మడుగు చుట్టూ జంతువులు చేరి అక్కడే చచ్చిపోయాయి. ఎక్కువ తాబేళ్లే. అంటే అక్కడున్న డోడోల్ని మనుషులు చంపలేదు, మనుషులు రావడానికి వేల ఏళ్ల ముందే అవి పోయాయి. అంత కరువును తట్టుకుని నిలిచిన జాతి, డచ్చివాళ్లు, వాళ్ల ఓడల్లో వచ్చిన ఎలుకలు, పందులు, కోతులు వచ్చాక వందేళ్లు కూడా ఆగలేకపోయింది. 1865 నాటి కుప్పలు ఈ మాట చెప్పలేకపోయాయి. పొరలు రాసుకున్న తవ్వకమే చెప్పగలిగింది.

రెండు రిజిస్టర్లు

ఇప్పుడు ఆ మడుగులో దిగినవాళ్ల దగ్గరికి తిరిగి వద్దాం.

నిజానికి వాళ్లకూ నంబర్లున్నాయి. 1849 నుంచి ఓడ దిగిన ఒప్పంద కూలీల పేర్లు పోర్ట్ లూయీ డిపోలో రిజిస్టరుకు ఎక్కాయి. ఇప్పుడు మనం ఆప్రవాసీ ఘాట్ అని పిలిచే చోటు అది. నంబరు, పేరు, తల్లిదండ్రుల పేరు, వయసు, ఊరు, కులం, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఎక్కిన ఓడ, వచ్చిన తేదీ, అన్నీ రాశారు. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. ఆ పుస్తకాలు ఇప్పుడు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మ్యూజియం రిజిస్టరులో ఎముకకు ఏం రాస్తారో, డిపో రిజిస్టరులో మనిషికి ఇంచుమించు అదే రాశారు. ఎక్కడిది, ఎప్పుడొచ్చింది, ఎవరు తెచ్చారు. చెరుకు తోటలకు లెక్క కావాలి కాబట్టి రాశారే తప్ప ప్రేమతో రాయలేదు. అయినా ఆ రాత ఉండబట్టే ఈరోజు మీలో ఎంతోమంది తాత ఊరు కనుక్కోగలిగారు.

అంటే ఆ ఎముకలకు ఒక పుస్తకంలో నంబరుంది, వాటిని పాదాలతో తడిమి తీసినవాళ్లకు మరో పుస్తకంలో నంబరుంది. రెండు పుస్తకాలూ ఒకే దీవిలో ఉన్నాయి. ఫలానా నంబరు మనిషి ఫలానా నంబరు ఎముకను తీశాడు అన్న ఒక్క వాక్యం మాత్రం 1865లో ఎవరూ రాయలేదు. ఆ రోజు మడుగు గట్టున పెన్సిలు పట్టుకున్నవాడికి ఆ వాక్యం రాయడానికి ఎంతసేపు పట్టేది?

ఆ వాక్యాన్ని మనం ఇప్పుడు రాయలేం. కానీ మ్యూజియంలో ఆ గోధుమరంగు ఎముకల ముందు నిలబడినప్పుడు మీ పిల్లలకు ఈ మాట చెప్పగలం. తిరియూ, క్లార్క్ పేర్లతో పాటు, పేరు రాయని ఆ పాదాల గురించీ చెప్పండి. రూపాయి నోటును వెలుతురుకు పెట్టి చూస్తే నీటిగుర్తుగా కనిపించే డోడో తల, 1906 నుంచి మన రాజముద్ర మీద నిలబడ్డ డోడో, ఈ దేశానికి ఇంత పేరు తెచ్చిన పక్షి, ఒక కూలీ కాలికి తగిలి బయటికొచ్చిందని చెప్పండి.

మరో చిన్న పని. మీ ఇంట్లో కూడా ఒక సేకరణ ఉంటుంది. అవ్వ కొప్పులో పెట్టుకున్న వెండి పువ్వు, అమ్మోరు పండగకు తీసే పాత ఇత్తడి చెంబు, గోడకు తగిలించిన రంగు వెలిసిన ఫొటో. అవెవరివో ఇంట్లో పెద్దవాళ్లకు ఇంకా తెలుసు. ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని అడగండి. ఏమిటి, ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తెచ్చారు. నాలుగు మాటలు చీటీ మీద రాసి ఆ ఫొటో వెనక పెట్టండి. తెలుగులో రాస్తే ఇంకా మంచిది. ఇమ్మిగ్రేషన్ నంబరుగానీ, ఓడ పేరుగానీ తెలిస్తే అదీ రాయండి. మోకాలో వెతకడం సులువవుతుంది.

ఆ చీటీ మీ మనవలకు ఏం చెబుతుందో ఈరోజు మనం ఊహించలేం. ఎన్నో ఏళ్ల తర్వాత తన ఎముక లోంచి తుఫాను నెలలు చదువుతారని డోడో మాత్రం ఊహించిందా?